జీర

బూడోలో జనవరి.
ఉత్తర నార్వేలో మధ్యాహ్నం రెండింటికే చీకటి.
టూర్గున్ మిర్వాంగ్ చేతితొడుగులు విప్పి
రెక్క కింద వెల్లకిలా పడుకుంది.
ముప్పయ్యొకటో రివెట్ చుట్టూ
పసుపు పెన్సిల్‌తో సున్నా చుట్టి
"ఇక్కడ" అంది.

నాకేమీ కనబడలేదు.
ప్రోబ్ ఆనించగానే
తెర మీద పచ్చగీత ఉలిక్కిపడింది.

ఎప్పుడో ఏ డ్రిల్లు బిట్టో వదిలిన గీటు.
జీర అక్కడ పట్టు దొరకబుచ్చుకుంది.
ఎగిరినప్పుడల్లా రెక్క పైకి వంగుతుంది,
అడుగు రేకు సాగుతుంది,
దిగాక సడలుతుంది.
విరిగేంత బరువు ఏనాడూ మోయలేదు.
మోయగలిగిందే మోసింది,
మళ్ళీ, మళ్ళీ.

రేకు కోసి తెచ్చి
జీరకు నోరు తెరిపించి
సూక్ష్మదర్శిని కింద పెట్టాం.
ఆటు వెళ్ళిపోయాక ఇసుక మీద మిగిలే వరసల్లా
గీత పక్కన గీత.
వెంట్రుకలో వందో వంతు ఒక్కొక్కటీ,
దాదాపుగా ఒక్కో ప్రయాణం:
ఎండుచేపల పెట్టెలు,
టపా సంచులు,
లోఫోటెన్ దీవి నుంచి ఆస్పత్రికి నెలలు నిండిన మనిషి,
నలుగురే ఎక్కిన మంగళవారాలు.
ఎవరూ ఏ తప్పూ చెయ్యని రోజులు.

చివరి నుంచి వెనక్కి లెక్కపెడుతోంది టూర్గున్,
పెదాలు కదుపుతూ, జపంలా.
నాలుగువందల పన్నెండు దగ్గర ఆగింది.
ఆ గీత లావు.
లాగ్‌బుక్ తిప్పితే
నవంబరు, పడమటి గాలి,
ఐలిఫ్ చేతిరాతలో రెండే మాటలు:
గట్టి కుదుపు.

ఆ సాయంత్రం ఐలిఫే వచ్చాడు,
మంచు బూట్లతో, గుమ్మం దాటకుండా.
"ఆ రాత్రి నేను దించిన తీరు వల్లేనా?"

ఆమె కుర్చీ జరిపి చోటిచ్చింది.
"తర్వాతి గీతలు చూడు.
ఎంత ఇరుగ్గా ఉన్నాయో.
పెద్ద దెబ్బ తగిలితే
మొన చుట్టూ లోహం బిగుసుకుంటుంది.
జీర కొన్నాళ్ళు ముందుకు రాలేదు."

"మరి?"

"దాన్ని పెంచినవి నీ మంచి రోజులు, ఐలిఫ్."

అతనేమీ అనలేదు.
ఆ మాటను ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు
కాఫీ కప్పు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

నేను తోక దగ్గర పనికి వెళ్ళాను.
కవచం మీద ఇంకో చిన్న జీర.
నీరు పల్లమెరుగు, జీర మొనెరుగు.
ఆ మొన మీదే గురిచూసి
గుండ్రంగా ఒక చిల్లి పెట్టాలి.
మొన లేకపోతే దానికి దారి తెలియదట,
కొత్త రేకు వచ్చేదాకా.
పగిలినదానికి చిల్లి మందు.
మొదటిసారి చెయ్యి వణికింది.

డ్రిల్లు ఆపేసరికి
ఐలిఫ్ కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.
ఆరున్నరకు ఇంకో విమానం ఉంది అతనికి.
దీవుల్లో గాలి లేదని చెప్పారు,
సముద్రం నూనెలా ఉందట.