నలభై దాటితే

మన్ననూర్ ఘాట్ దిగంగ
నలభై దాటితే చాలు,
కాళ్లు పట్టిన కోడి లెక్క
స్టీరింగ్ చేతులల్ల కొట్టుకుంటది.

కల్వకుర్తిల టైర్లు మార్చిన్రు,
నాగర్‌కర్నూల్ల డ్యాంపర్ కొత్తదేసిన్రు.
పైసలు పోయినయి, వణుకు పోలే.

అచ్చంపేటల రూప్లా జీపును చూడనేలేదు,
ముందుగాల నన్నడిగిండు:
"గుంతల పడ్డంకనా, బ్రేకు కొడితెనా?
ఎటు గుంజుతది?"

జాకీ ఎక్కించి
చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపిండు.
కింగ్‌పిన్ గట్టిదే.
ఈ పక్క ఆ పక్క పట్టి ఊపిండు.
చప్పుడేం రాలే.
వచ్చినా ఆయనకు వినపడదు,
ముప్పై ఏండ్ల సుత్తి దెబ్బలకు చెవులెప్పుడో పోయినయి.

"తిప్పు. కొంచెమే. మళ్ల ఇటు."
జీపు కింద ఎల్లెలకల పండి
టైరాడ్ కీలు మీద బొటనవేలు ఆనించి
కండ్లు మూసుకున్నడు,
కడుపు చూసే మంత్రసాని లెక్క.

"ఇగో, ఈడ."

మినపగింజంత సందు.
దానికే ఇంత బండి, ఎనిమిది మంది కూలోళ్లు, నేను
ఆర్నెల్లుగ గజగజ.

విప్పిన పాత గుండును
లుంగీ అంచుతోని తుడిచిండు.
"గ్రీజు చుక్క పోసి ఎన్నేండ్లాయెనో నీకు" అన్నడు.
నన్ను కాదు,
దాన్నే.