సింకులో కప్పులు

మాదేం పెద్ద కంపెనీ కాదు.
వేల్స్ లోయలో, మూతబడ్డ బొగ్గుగని గేటుకెదురుగా
ఒక రేకుల షెడ్డు, రెండు కటింగ్ మెషీన్లు,
నాతో కలిపి తొమ్మిది మందిమి.
అట్టపెట్టెలు చేస్తాం, బూట్లకీ, బిస్కెట్లకీ,
ఒకసారి ఎవరిదో పెళ్ళి టోపీకి.

జిమ్ములూ సలహాదారులూ పెద్దవాళ్ళకుంటారు.
మాకున్నది ఒక కెటిల్, ఒక కుంటి సోఫా,
పైకప్పు కారేచోట ఒక బకెట్టు.

పోయిన చలికాలం
ఎమ్లిన్ అటకమీంచి గ్లూ డబ్బాలు దించుతూ
నిచ్చెన మధ్యలో ఆగిపోయాడు.
"ఊపిరి వెనకబడింది, వస్తోందిలే" అన్నాడు నవ్వుతూ.
మేమూ నవ్వాం.
జీతాల లెక్కలకి రాత్రిళ్ళు మేలుకోవడం నాకలవాటే,
ఆ రాత్రి మాత్రం లెక్కలు లేవు.

మంచి చేద్దామనే చేశాను.
తూకం యంత్రం కొని ఫ్రిజ్ పక్కన పెట్టాను.
గోడకి చార్టు, చార్టులో తొమ్మిది పేర్లు.
పౌండ్లు పోగొట్టుకున్నవాళ్ళకి
పౌండ్లిస్తానని నా చమత్కారం.
ఎవరూ నవ్వలేదు.

మోస్టిన్ మొదటివారమే రెండు తగ్గాడు, చప్పట్లు కొట్టాం.
ఎమ్లిన్ వంతొచ్చింది.
బూట్లు విప్పాడు,
జేబులోంచి తాళాలు తీశాడు,
గడియారం తీశాడు,
ఇంకేం తీయాలో తెలీక
మావైపు చూశాడు.

మర్నాటినుంచీ అతని కప్పు కొక్కేనికే వేలాడింది.
బయట వానలో, వ్యాన్‌లో,
అద్దాలకి ఆవిరి పట్టించుకుని
ఒక్కడే తినేవాడు.

మెషీన్ బ్లేడు మారుస్తూ, నా మొహం చూడకుండా
డెలిత్ అంది:
"మా నాన్న కూడా గొర్రెల్ని తూచేవాడు.
అమ్మేముందు."

చార్టు చింపేశాను. యంత్రం కారు డిక్కీలో పడేశాను,
ఇప్పటికీ మలుపుల్లో దడదడమంటుంది.
ముందే చేయాల్సిన పని అప్పుడు చేశాను.
ఒక్కొక్కరినీ పిలిచి, తలుపేసి, అడిగాను.
వినేటప్పుడు సలహా నాలుక చివరిదాకా వస్తుంది,
దాన్ని మింగడం నేర్చుకున్నాను.

రాత్రి పదింటికి షిఫ్టు దిగితే
తెరిచుండేది చిప్స్ కొట్టొకటేనట.
నర్సు దగ్గరికెళ్తే సగం రోజు జీతం పోతుందట.
ఒకరికి మోకాళ్ళు, ఒకరికి మందులు,
ఒకరికి మంచానపడ్డ తల్లి, వండుకునే ఓపికుండదు.
చేతుల కుర్చీ తొడలు కోస్తుందని
ఆరేళ్ళుగా చెప్పలేకపోయాడొకాయన.

షిఫ్టు ఎనిమిదికి కుదించాను.
ఒక కాంట్రాక్టు పోయింది, అబద్ధమెందుకు.
క్లినిక్‌కి వెళ్ళిన గంటలకి జీతం కోయను,
ఎందుకెళ్ళావనీ అడగను.
మూసేసిన చాపెల్ నుంచి చేతుల్లేని కుర్చీలు తెచ్చాం.
గ్లూ డబ్బాలు కిందికొచ్చాయి,
ఇరవై ఏళ్ళు అవి పైనెందుకున్నాయో ఎవరికీ తెలీదు.
మంగళవారం సూప్, వంతులవారీగా.
మోస్టిన్ సూప్‌తో అట్టలు అతికించొచ్చు.
మధ్యాహ్నం ఇరవై నిమిషాలు, జీతంతోనే,
నది దాకా నడిచేవాళ్ళు నడుస్తారు,
కూర్చునేవాళ్ళు కూర్చుంటారు.

"అంతా కలిసి ఎంత తగ్గారు?"
ఖాతాలు చూసే కుర్రాడు పెన్ను తీశాడు.
నాకు తెలీదన్నాను.
ఆ గడి ఖాళీగా వదిలేశాడు, కొంచెం చిరాగ్గా.

ఇవాళ సింకులో తొమ్మిది కప్పులున్నాయి.
ఒక్కరూ కడగలేదు.
రేపు అరుస్తాను.