బల్ల కింద వేళ్లు

మొదటిసారి వాడు నాకు
నుదుటి నుంచి గడ్డం దాకానే తెలుసు.
బరంపురంలో నా గదిలో
అరచేతంత వెలుగులో వాడు:
బోనెల డిల్లేసు, మూడో తరగతి, కాశీనగరం.

'పలక'లో 'ప' తీసేస్తే ఏం మిగులుతుంది?
ఒకటి, రెండు, మూడు సెకన్లు.
"లక."
'గది'లో 'గ' తీసి 'న' పెట్టు.
మళ్లీ మూడు సెకన్లు.
"మది."
నా 'న' దారిలోనే 'మ' అయిందో
వాడి చెవిలోకి వెళ్లాక అయిందో.
ఆ మూడు సెకన్లూ వాడివా, టవరువా,
మహేంద్రగిరి మీద కురుస్తున్న వానవా?
ఫారంలో గడి మాత్రం ఒకటే:
జవాబుకు పట్టిన కాలం.

అయితే ఒకటి చెప్పాలి.
తెరలో వాడికి బెరుకే లేదు.
సొంత గుమ్మం, సొంత చాప.
మధ్యలో లేచెళ్లి
నిన్న పుట్టిన మేకపిల్లను తెచ్చి తెరకు ఆనించాడు.
ఒక ప్రశ్నకు అదే జవాబిచ్చింది.
మార్కు వెయ్యలేదు.

ఇంకో ప్రశ్నకు ముందు
తెర అంచు అవతల గాజులు చప్పుడయ్యాయి.
తర్వాతి జవాబు తప్పు లేకుండా వచ్చింది.
దాన్ని కొట్టేశాను.
ఆ రాత్రి చాలాసేపు మెలకువగా ఉన్నాను.
గాజులు ఊరికే కూడా కదులుతాయి కదా.

శనివారం గుణుపురం రైలెక్కాను.

బడి వరండాలో నన్ను చూసి
గోడలో గోడైపోయాడు.
అరగంట. ఒక్క మాట లేదు.
బిస్కట్టు పుచ్చుకున్నాడు, మాట ఇవ్వలేదు.
అప్పుడు మెల్లగా దగ్గరికొచ్చి
నా చీర అంచు దాకా కళ్లు దించి,
"ఫోన్ల మేడమువి నువ్వేనేటి?
నీకు కాళ్లున్నాయేటి!" అన్నాడు.

అప్పుడే నేనూ వాడి కాళ్లు చూశాను.

ఏడు, రెండు, తొమ్మిది. వెనక నుంచి చెప్పు.
పైన మొహం కదల్లేదు.
బల్ల కింద కాలివేళ్లు మాత్రం
ఒక్కొక్కటే నేలకు అదుముకుంటున్నాయి,
అంకెలు జారిపోకుండా తొక్కిపట్టినట్టు.
తొమ్మిది, రెండు... చిటికెన వేలు తడబడింది.
ఏడు పోయింది.

ఒడియా పుస్తకం తెరిచాను.
బడిలో అక్షరాలు గొడుగులేసుకుంటాయి,
ఇంట్లో క్యాలెండర్ మీదవి తలకట్టు పెట్టుకుంటాయి.
గొడుగు లేని గుండ్రటి ఠ దగ్గర
వేలు ఆగింది.
"సున్నా" అన్నాడు.
వాళ్లమ్మ రాసే సున్నా అదే కదా.
అది తప్పా?
కానీ తర్వాతి వరుసలో
నిన్న నేర్చిన మాటే ఇవాళ కొత్తదైంది,
మధ్యలో ఒక వరుస మాయమైంది,
దాన్ని వెతుకుతూ వేలు కాగితమంతా తిరిగింది.
అది రెండు లిపుల తగువు కాదు.

చెట్టు కింద కూర్చుని కూడిక వేశాను.
తెర మీద వచ్చిన లెక్కకూ దీనికీ
తేడా రెండే మార్కులు.
ఇంత దూరం రైలెక్కింది రెండు మార్కుల కోసమా?
పైవాళ్లు అడుగుతారు, నేనూ అడుక్కున్నాను.
కాలివేళ్లకు ఫారంలో గడి లేదు.
మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశాను.

నీలవేణి జీడిపిక్కల పని నుంచి అలాగే వచ్చింది.
రసం తిన్న వేళ్లు నల్లగా.
ఆ వేలిముద్రను ఫోన్ ఒప్పుకోదట,
తాళం గీత కొడుకే గీస్తాడట,
ఏనాడూ తప్పడట.
"మా గుంటడు మొద్దేటమ్మా?"
కాదన్నాను.
అక్షరాలే వీడి దగ్గర కుదురుగా కూర్చోవు,
కూర్చోబెట్టే పద్ధతులున్నాయి,
వారానికి రెండు రోజులు ఫోన్‌లో నేనే చెబుతానన్నాను.
ఫోన్‌లోనే. రోజూ రైలెవరెక్కుతారు?
ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.
నమ్మిందో లేదో తెలీదు.

బండి దాకా వాడు వెనకే వచ్చాడు.
"మల్లీ ఫోన్లోకి వత్తావా?"
వస్తాను.
"అయితే కాళ్లు కూడా సూపించాల."