ఒక ముక్క పొలం

ఆ జోకు మా ఊళ్ళో పుట్టింది కాదు.
దేశమంతా తిరిగి తిరిగి
ఒక శనివారం రాత్రి మా బీరుకొట్టుకి చేరింది.
"స్టార్‌ఫైటర్ కావాలా నీకు?
ఒక ముక్క పొలం కొనుక్కో.
కొనుక్కుని, ఎదురు చూడు."
మా ఆయన థియో బల్ల చరిచి నవ్వాడు.
పన్నెండు ఎకరాల చక్కెరదుంప తోట మాది,
విమానాల స్థావరానికి కూతవేటు దూరం.

మీరు దాన్ని చూసి ఉండరు.
రెక్కలని పేరేగానీ అవి కత్తిపీట అంచులు.
నేలమీద ఉన్నప్పుడు మనుషుల చేతులు తెగకుండా
వాటికి తొడుగులు వేసేవాళ్ళట.
మబ్బులేని ఎత్తుల కోసం కుట్టిన చొక్కా అది.
మావాళ్ళు కొని, జేబుల్లో బాంబులు కుక్కి,
రైన్ పొగమంచులో వేసుకు తిరిగారు.
పిగిలింది.
మళ్ళీ పిగిలింది.
మా పేపరువాడు రాసీ రాసీ విసిగి
చివరికి దుంపల ధరల పక్కన చిన్నక్షరాల్లో వేసేవాడు.
విధవల్ని చేసేది అని పేరు పెట్టారు జనం.
పేరు పెట్టినవాళ్ళలో విధవలు లేరు.

అక్టోబరు, మంగళవారం.
నేను దొడ్లో దుప్పట్లు ఆరేస్తున్నాను.
ముందు వచ్చింది చప్పుడు కాదు,
కోళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.
తర్వాత కిటికీలు.
ఆ తర్వాత థియో, ట్రాక్టరు దిగి,
టోపీ తీసి చేత్తో పట్టుకుని,
ఎటు పరుగెత్తాలో తెలియక
నిలబడిన చోటే చిన్న చిన్న అడుగులు వేయడం.

నాలుగు రోజులు సైన్యం లారీలు.
గొయ్యిని జల్లెడ పట్టి, పూడ్చి వెళ్ళారు.
నలిగిన దుంపలకి టన్ను లెక్కన,
ఆ ఏటి ధరకి ఒక్క ఫెనిగ్ తగ్గించకుండా
పరిహారం పంపారు.
థియో సంతకం పెట్టాడు.
జోకు ఇంకెప్పుడూ చెప్పలేదు.
ఎవడన్నా ఎత్తుకుంటే
సగం గ్లాసు వదిలి, బిల్లు కట్టి వచ్చేసేవాడు.

పొలం మాత్రం కక్కుతూనే ఉంది.
ప్రతి వసంతం నాగలి వెంట
ఒక రివెట్టు, వేలెడు తీగ,
మీగడ తరకలాంటి రేకు.
కాఫీ డబ్బాలో వేసి
గొర్రెల మందు పక్కన పెట్టేవాడు.

రెండేళ్ళకి ఒకామె వచ్చింది,
ఆకుపచ్చ ఫోక్స్‌వాగన్ తనే నడుపుకుంటూ.
గిజెలా అని చెప్పింది.
చేతిలో పూలు లేవు.
రబ్బరు బూట్లు తెచ్చుకుంది.
దుంపల వరసల్లో తిరిగి, మట్టికాళ్ళతో వంటింట్లో కూర్చుని
నేను కోసిన ప్లమ్ కేకు రెండు ముక్కలు తింది,
పొద్దుట్నుంచీ ఏమీ తిననిదానిలా.

థియోకి నోరు ఆగదు.
"అమ్మా, ఆ జోకుకి నేను నవ్వాను" అన్నాడు.
నేను బల్ల కింద అతని కాలు తొక్కాను.

"ఎక్‌హార్ట్ కూడా నవ్వేవాడు" అంది.
"మా ఇంట్లో భోజనాల దగ్గర చెప్పేదే అతను.
తనంత బాగా స్క్వాడ్రన్‌లో ఎవరూ చెప్పలేరని గొప్ప.
చివరి మాటకి ముందు ఒక్క క్షణం ఆగేవాడు."

ఆమె కూడా ఆగింది.

"ఒక ముక్క అమ్ముతారా?
పెద్దది అక్కర్లేదు. మంచం పట్టేంత.
కొనుక్కుని..."

చివరి మాట చెప్పలేదు.
గడియారం చెప్పనివ్వలేదో, నేను వినలేదో.

థియో అమ్మలేదు. కాగితం మీద ఇవ్వనూ లేదు.
కానీ ఆ ఏటి నుంచి
విత్తనాల మిషను అక్కడికి రాగానే పైకెత్తి,
పదడుగులు దాటాక దించేవాడు.
గడ్డి మొలిచింది, దానంతట అదే.
చుట్టుపక్కల దుంపలు
కిందికి దిగుతూ దిగుతూ దేన్నో తాకి
రెండు కాళ్ళుగా చీలతాయి.
మధ్యలో మట్టి ఇరుక్కుందని
ఫ్యాక్టరీవాడు తూకంలో కోస్తాడు.
పైసాకి పేచీ పెట్టే మనిషి
దానికి మాత్రం తలూపి వచ్చేసేవాడు.

ఆయన పోయి ఆరేళ్ళు.
పొలం కౌలుకిచ్చాను.
మొన్న ఆ కుర్రాడు ట్రాక్టరు ఆపకుండానే అడిగాడు,
మధ్యలో ఆ ఖాళీ ఏమిటి, దున్నేయనా అని.

ఇంజను కట్టెయ్యమని చెయ్యి ఊపాను.
చెప్పాలంటే
జోకుతోనే మొదలుపెట్టాలి.