ఒకటిన్నర సెంటీమీటరు

కవిటి హైస్కూల్లో నైన్త్ బి.
నేను గుమ్మం దాటేసరికే
బోర్డు మీద స్కోరు వేసి ఉంది,
అటు ఎన్ని క్షిపణులు, ఇటు ఎన్ని.
గోడ పక్క బెంచీలు ఒక దేశమట,
కిటికీ పక్కవి ఇంకొకటి.
"రాత్రి అదిరిపోనాది మేస్టారూ, సూసినారా?"

చూశాను. నిద్ర పట్టలేదు.
ఇవాళ నేను చెప్పాల్సింది
ఫ్రెంచి విప్లవం, కారణాలు, అయిదు మార్కులు.
ఏం చెప్పాలో తెలియని మనిషి
సుద్దముక్కని ఎంతసేపు పట్టుకోగలడో
అంతసేపూ పట్టుకున్నాను.

తర్వాత స్కోరు తుడిచి
మూడు గళ్ళు గీశాను.
తెలిసింది. విన్నది. తెలియనిది.
రండర్రా, నింపండి.

విన్నది ముందు నిండింది,
రేషన్ బండి చుట్టూ జనంలా తోసుకుంటూ.
కూర్మనాథ్ ఫోన్లో చూసిన పేలుడు
ఏదో వీడియో గేములోదని
వెనక బెంచీ గణపతే పట్టేశాడు,
ఆ గేములో రోజూ చచ్చిపోయేవాడు.
తెలిసిందిలో
రెండు ఊళ్ళ పేర్లు మిగిలాయి.
వాటినీ తప్పే పలుకుతున్నాం.

"తుపానప్పుడు కరెంటొచ్చినాక
మామోలింట్లో టీవీ ఎడితే
మనూరి పేరు తప్పు సదివీసినారు సార్,"
అంది మోహిని.
"కప్పెగిరిపోతే ఏడవనేదు మాయమ్మ.
దానికేడ్సింది."

పది నిమిషాలు
ఆ రెండు పేర్లే పలికాం,
నాలుక తిరిగేదాకా,
అటు దేశమూ ఇటు దేశమూ కలిసి.

ఢిల్లేశ్వరి మాత్రం నోరు విప్పలేదు.
వాళ్ళ నాన్న అక్కడే, ఓ రేవులో వెల్డరు.
నాకు తెలుసు.
అడగకూడదనీ తెలుసు.
తనే లేచి వచ్చింది పటం దగ్గరికి,
జామెట్రీ బాక్సులోని స్కేలుతో.
"దీని స్కేలెంత సార్?"
సెంటీమీటరుకి మూడొందల కిలోమీటర్లు.
రెండో ఊరి చుక్క దగ్గర సున్నా ఆనించి
ఏ చుక్కా లేని సముద్రపు అంచుదాకా కొలిచింది.
"ఒకటిన్నర."
వేళ్ళ మీద గుణించుకుంది.
"బెజవాడ కన్నా దగ్గిర,"
అంది, ఎవరితోనూ కాదు.

ఫ్యాను చప్పుడు వినిపించింది.
కిటికీ దేశపు సేనాని గణపతి
గొంతు తగ్గించి అడిగాడు:
"మీ నాన్న ఫోన్ సేసినాడేటే?"
"మెసేజీకి ఒక టిక్కే పడింది."

ఒక టిక్కు.
ఇరవై రెండేళ్ళుగా ఎర్ర సిరాతో
ఎన్ని వేలు పెట్టి ఉంటాను.

సుద్ద తీసుకుని మూడో గడిలో రాసింది:
రెండో టిక్కు.

ఇక ఆగలేదు ఆ గడి.
ముందు ఎవులు మొదలెట్టినారు.
అక్కడి గుంటలు బడికెల్తన్నారా.
మద్దేన్నం బోజనం ఎవులు వండతారు.
ఇంకో దేశం గుంటలు కూడా
మనలాగే స్కోరేస్తన్నారా.
గీత దాటి, బోర్డు అడుగుదాకా.

గంట కొట్టారు.
నేను ఒక్కదానికీ జవాబు చెప్పలేదు.

తర్వాతి పీరియడు లెక్కలు.
ముకుందం మాస్టారు డస్టరెత్తారు,
చదివారు,
దించారు.
పక్కన మిగిలిన జానెడు జాగాలో
ఎక్స్ విలువ కనుక్కోమని రాశారు,
చిన్న అక్షరాలతో.