చెవి వెనక ఎముక

ముందు నన్ను నేను చెరిపేసుకోవాలి.
చేతులకి రెండు జతల తొడుగులు, మూతికి గుడ్డ,
నెత్తి నుంచి మడమ దాకా తెల్లటి సంచీ,
బల్లంతా బ్లీచింగ్ వాసన.
నా తుమ్ము ఒక్కటి చాలు
ఏడువేల ఏళ్ళ మనిషి నాలా మారిపోవడానికి.

సస్సారిలో, మెట్ల కింద గది ఇది.
మేనత్త ఇత్రియా కొండ మీంచి ఫోన్ చేస్తుంది:
"ఇవాళ ఎవర్ని కడుగుతున్నావే?"
పేరు లేదత్తా. గుహలో దొరికింది.
ఆడమనిషి. ముప్పై దాటి ఉండదు.
పెట్టె మీద పద్నాలుగు అని రాసుంది.

పుర్రెలో, చెవి వెనక, ఒక ఎముక.
ఒంట్లో అంత గట్టిది ఇంకోటి లేదు.
తొడలు పిండైపోతాయి,
పక్కటెముకల్ని వేళ్ళూ ఎలుకలూ పంచుకుంటాయి,
విన్న చోటు మాత్రం రాయిలా మిగులుతుంది.
దాన్ని సన్నటి మరతో తొలుస్తాను.
ముక్కుపొడుమంత పొడి.

ఆ చెవి ఏం విన్నదో పొడిలో లేదు.
పడవ అడుగున కాళ్ళు కట్టేసిన గొర్రెల అరుపు,
ఉప్పునీళ్ళు తగలకుండా తోలుసంచీ ఒళ్ళో పెట్టుకున్న
ముసలమ్మ గొణుగుడు
(కడుపు మాడినా చెయ్యి పెట్టకూడని విత్తనాలవి)
ఇవన్నీ నేను అల్లుకున్నవి.
యంత్రం అల్లదు.
దానికొచ్చినవి నాలుగే అక్షరాలు.

అవీ చిరిగిన అక్షరాలే.
యాభై అరవై దాటి ఏ పోగూ నిలవలేదు.
కొసల్లో ఒక అక్షరం చివికి
ఇంకో అక్షరంలా కనబడుతుంది.
కొత్తలో తప్పులనుకుని కొట్టేయబోతే
మా పెద్దాయన బకీజియో చెయ్యి పట్టుకున్నాడు:
"చివికిందే ఆమెది.
చెక్కుచెదరనిది కనిపిస్తే భయపడు. అది నీది."

మార్చిలో జవాబొచ్చింది.
ఆమె పుట్టింది ఈ దీవిలోనే కావచ్చు,
వెనక్కి, ఇంకా వెనక్కి, అమ్మమ్మల పుట్టిల్లు మాత్రం
తూర్పున, అనటోలియాలో,
గోధుమకింకా అడవిగడ్డి వాసన పోని పల్లాల్లో.
ఒక్క ఊపున రాలేదు. తరానికో రేవు.
ఏరు దాటి తెప్ప తగలేసే రకం కాదు,
అదే తెప్పకి కొత్త తాళ్ళు బిగించి
కొడుకుల్ని ఎక్కించి పంపిన రకం.
దిగిన చోటల్లా పచ్చికుండ మెడ మీద
చిప్ప అంచుతో నొక్కిన గీతలు.

ఆరింట ఒక పాలు మాత్రం వేరు.
ఈ పడమటి అడవుల పాలు. దుక్కి ఎరగనిది.
నల్లటి ఒళ్ళూ నీలికళ్ళూ అయుండొచ్చంటారు.
ఎవరో, ఏదో చలిరాత్రి,
గొర్రె కోసం వచ్చారో, మంట చూసి వచ్చారో,
మనువో, బలవంతమో.
పాలెంతో చెబుతుంది పట్టిక. ఎలాగో చెప్పదు.
నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

తాగే పాల సంగతీ రాసుంది.
పచ్చిపాలు ఆమెకి అరగవు.
అత్తకీ అరగవు. నాకూ అంతే.
అందుకే కదా నూట నలభై గొర్రెల పాలు
విరిచి, పిండి, పొగబెట్టి,
చెక్క మీద వరసగా ఆరబెడుతుంది అత్త.
ఆ ఉప్పుచేతి వాసన
ఈ తెల్ల సంచీలోకి ఎలా వచ్చిందో.

తెర మీద చుక్కలు.
ఐరోపా జనమంతా ఒక పక్క ముసురుకుని ఉన్నారు.
పద్నాలుగు దూరంగా, విడిగా.
ఆమెకి దగ్గర్లో ఉన్నవల్లా మా దీవి చుక్కలే.
వాటిల్లో ఒకటి నాది:
పనిలో చేరిన రోజు, కలుషితం పట్టుకోవడానికని
నా ఉమ్మి కూడా తీసుకున్నారు.

ఆ రాత్రి అత్తకి నేనే ఫోన్ చేశాను.
"ఎవరి తాలూకటే?"
మన తాలూకేనేమో అత్తా. పూర్తిగా కాదులే,
మధ్యలో ఎన్ని ఓడలొచ్చాయో, ఎంతమంది దిగారో.
అవతల గొర్రె మెడగంట ఒకటి మోగి ఆగింది.
"మన పిల్లే అయితే,
ఎవర్నీ అడక్కుండా చెవెందుకు తొలిచావే?"

మర్నాడు ఎముకని పెట్టెలో దూదిలో సర్దాను.
రంధ్రం పైకి కనబడకుండా
పక్కకి తిప్పాను. మళ్ళీ తీసి,
కనబడేట్టే పెట్టాను.