మూడడుగులు

పుత్తూరులో ఎముకల కట్టు కోసం బెంచీ మీద కూచున్నాను.
నా ముందు టెంకాయచెట్టు మీంచి పడ్డవాడు,
నగరి రోడ్డులో బండి జారిన పిల్ల,
ఆవు తన్నిన ఒక పెద్దాయన మోకాలు.

చెంగల్రాయులు నా ఎడమ మణికట్టు పట్టుకుని
కళ్ళు మూసుకున్నాడు,
పాత రేడియోలో స్టేషన్ వెతుకుతున్నట్టు.
"యాడనుంచి పడితివి పాపా?"
"హెలికాప్టర్లో."
బెంచీలన్నీ నా పక్కకి తిరిగినాయి.
"ఎంత ఎత్తు?"
"మూడడుగులు."

టెంకాయచెట్టు వాడు ముందు నవ్వినాడు.
వాడిది నలభై అడుగులు. నవ్వే హక్కుంది.

"నవ్వొద్దురా," అన్నాడు చెంగల్రాయులు
బొటనవేలు ఎముక మీంచి తియ్యకుండానే,
"మూడడుగులకి బలి చక్రవర్తే పాతాళానికి పోయినాడు,
ఈ పిల్లెంత!"

వాళ్ళకి చెప్పలేదు,
వెయ్యి అడుగుల మీద నాకేం భయం లేదని.
దూరంగా శేషాచలం
ఎవరో లేచిపోయిన దుప్పటిలా ఉంటుంది,
స్వర్ణముఖి ఇసక తెల్లగా, చదరంగా, తేలిగ్గా.
నేల దగ్గరికొచ్చి గాల్లో నిలబడాలి చూడు,
అక్కడుంది.
నూనె పూసిన పళ్ళెంలో గోలీని
కదలకుండా పట్టుకోవడం.

ఏర్పేడు పక్క మైదానం. ముందు రాత్రి వాన.
పక్క సీటులో ఎవరూ లేని మూడో రోజు.
ఎడమ కాలు బురదని తాకింది.
బురద వదల్లేదు.
ఆ కాలు మీదే మిషను మొత్తం
వొంగడం మొదలుపెట్టింది, తొందరేం లేనట్టు.

కెప్టెన్ వర్గీస్ నూరు సార్లు చెప్పిన మాట
ఎడమ చేతికి తెలుసు:
దించు. మెల్లిగా దించు.
ఎడమ చెయ్యి పైకి లాగింది.

రెక్క నేలని కొట్టిన చప్పుడు
మా నాయన మరమగ్గంలో షటిల్ ఎగిరిపోయిన చప్పుడే.
దానికి మా ఇంట్లో ఎవరూ కేకెయ్యరు,
స్విచ్చి కట్టేస్తారు.
బెల్టులో వేలాడతా నేనూ కట్టేసినాను.
నా కింద కెప్టెన్ ఖాళీ సీటు,
దాంట్లో నా చెయ్యి, నాది కానట్టు.

బ్యాగులో ఒక ఫారం ఉంది.
'కారణం' అనే గడి రెండు రోజులుగా ఖాళీ.
గాలి అని రాయొచ్చు. బురద అని రాయొచ్చు.
కెప్టెన్ నాతోపాటే వచ్చినాడు, దాని గురించి అడగలేదు.
వచ్చినందుకు తన పాత భుజం కూడా చూపించుకున్నాడు.
ఎక్కడిదని చెంగల్రాయులు అడిగితే
మలయాళంలో ఏదో అని, టీ తాగడానికి బయటికి పోయినాడు.

ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు,
గుడ్డ మీద గుడ్డ.
"మూడు వారాలు మే.
బిందె ఎత్తొద్దు. దేన్నీ పైకి లాగొద్దు."

తిరుపతి బస్సులో కిటికీ పక్క సీటు.
వడమాలపేట దగ్గర కునుకు పట్టింది.
కట్టు లోపల చెయ్యి
దానంతటదే
మెల్లిగా కిందికి దించతా ఉంది.
ఇప్పుడు.